కారు కుదుపుకి చిన్న రిమ్ములు: ఎప్పుడు పని చేస్తాయి, ఎప్పుడు చెయ్యవు

సమస్య: హైవే మీద హాయిగా ఉంటుంది, ఊరి రోడ్డెక్కితే ఒళ్ళు హూనం

శ్రీకాకుళం నుంచి నరసన్నపేట దాకా పదహారో నంబరు హైవే మీద ఏ కారైనా నున్నగానే పోతుంది. అక్కణ్ణుంచి లోపలికి తిరిగాక తారు అతుకు ప్రతీదీ నడుముకి తెలుస్తోందా? రిమ్ముల బేరం తర్వాత, ముందు గాలి చూడండి. తెల్లారి బండి కదపకముందు, టైర్లు చల్లగా ఉన్నప్పుడు గేజీ పెట్టాలి. ఎంత ఉండాలో డ్రైవరు తలుపు తీస్తే కనబడే స్టిక్కరు మీద ఉంటుంది. అక్కడ 33 అని ఉంటే బంకులో 40 కొట్టేసి పంపడం మామూలే. "గాలి చూసుకోకుండా షాకులు మార్చేమంటావేటి బావూ?" అని మన మెకానిక్కులు విసుక్కునేది అందుకే.

తర్వాత టైరు వయసు. గోడ మీద నాలుగంకెలుంటాయి. 2319 అంటే 2019లో 23వ వారం తయారీ. గట్టిపడిన పాత రబ్బరు ఏ సైజైనా కొడుతుంది.

ఈ రెండూ సరిగ్గా ఉన్నాయంటే అప్పుడు సైజు సంగతి. 195/55 ఆర్16 టైరు తీసుకోండి. ఆర్16 అంటే 16 అంగుళాల రిమ్ముకి పట్టేది. 195 మిల్లీమీటర్ల వెడల్పులో 55 శాతం, అంటే రిమ్ముకీ రోడ్డుకీ మధ్య ఉన్నది 107 మిల్లీమీటర్ల రబ్బరు గోడ. పలచటి పరుపు మీద పడుకుంటే గచ్చు తగిలినట్టే. అదే 185/65 ఆర్15 వేస్తే గోడ 120 మిల్లీమీటర్లు. చక్రం మొత్తం ఎత్తు మాత్రం 621 దగ్గరే ఉంటుంది, మారదు. సుఖమిచ్చేది చిన్న రిమ్ము కాదు, దాని చుట్టూ పెరిగిన ఆ 13 మిల్లీమీటర్లు.

పరిష్కారం: మీ మోడల్‌లోనే కింది వేరియంట్‌కి కంపెనీ ఇచ్చిన సైజు వెయ్యండి. సొంత లెక్కలొద్దు. డిక్కీలో స్టెప్నీ కూడా చూడండి. చాలా మోడళ్ళలో 16 అల్లాయ్‌ల కారుకి స్టెప్నీగా 15 ఇనుప రిమ్మే ఇస్తారు. అది ముందు చక్రం చోట బిగించి చేత్తో తిప్పితే బ్రేక్ కాలిపర్‌కి (డిస్కుని నొక్కి పట్టే భాగానికి) తగులుతుందో లేదో తేలిపోతుంది. కొనేది అల్లాయ్ అయితే దాన్నీ విడిగా పెట్టి చూడాల్సిందే, లోపలి వంపు వేరు కదా. టైరు ఎంత బరువు మొయ్యగలదో చెప్పే లోడ్ నంబరు పాతదానికంటే తగ్గకూడదు. ఇన్సూరెన్స్ వాళ్ళకీ ఒక మాట చెప్పి ఉంచండి.

సమస్య: మార్చాక స్పీడ్ బ్రేకర్‌కి కింద తగులుతోంది, మీటరు ఎక్కువ చూపిస్తోంది

కారణం ఒకటే. షాపులో 65 లేదని 60 అంటగట్టారు. 185/60 ఆర్15 మొత్తం ఎత్తు 603 మిల్లీమీటర్లే. బండి 9 మిల్లీమీటర్లు కిందికి దిగుతుంది, మీటరు వంద చూపించినప్పుడు నిజం వేగం 97 దగ్గర ఉంటుంది. వారం ఆగినా సరైన సైజు తెప్పించుకోవడమే మందు.

సమస్య: ఎనభై దాటితే స్టీరింగ్ వణుకుతోంది

బ్యాలెన్సింగ్ మళ్ళీ చేయించండి. తగ్గకపోతే బయట కొన్న అల్లాయ్ నడిమి కన్నం హబ్ (చక్రం బిగించే ఇరుసు భాగం) కంటే పెద్దదై ఉండొచ్చు. అలాగైతే ఆ సందు పూడ్చే హబ్ రింగు వేస్తే సరి. నట్లు కూడా చూడండి. ఇనుప రిమ్ము నట్టు అల్లాయ్‌కి, అల్లాయ్ నట్టు ఇనుప రిమ్ముకి కూర్చోకపోవచ్చు. ఇది చిన్న విషయం కాదు, నట్టు వదులైతే చక్రమే ఊడుతుంది. ఎదురెదురుగా బిగించి, వంద కిలోమీటర్లు తిరిగాక మళ్ళీ బిగువు చూసుకోవాలి.

సమస్య: మలుపులో బండి కాస్త ఊగినట్టుంది

గోడ పెరిగింది కాబట్టి ఆ మాత్రం ఉంటుంది, రిపేరేమీ లేదు. అది చాలక గాలి తగ్గించి ఇంకా మెత్తన చేద్దామనుకోకండి. తక్కువ గాలితో ఎండాకాలం హైవే మీద తోలితే గోడ వేడెక్కి పేలుతుంది.

సమస్య: కుదుపు తగ్గింది గానీ గుంటలో టక్ టక్ పోలేదు

అది టైరు పని కాదు. ముందువైపు లింక్ రాడ్లు, తర్వాత లోయర్ ఆర్మ్ బుష్షులు చూపించండి. బండి జాకీ మీద ఎత్తి చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపమనండి. లొటలొటలాడితే బాల్ జాయింటో బేరింగో పోయినట్టు. ఈ చప్పుడు మొదటినుంచీ ఉంటే రిమ్ముల కంటే ముందే ఇవి చేయించాలి.