విటమిన్ టెస్టుకు వచ్చే ముందు
ల్యాబులో రక్తం తీసే పని నాది. విటమిన్ టెస్టుకు వచ్చినవాళ్లను నేను ముందు అడిగేది ఒకటే: జుట్టు కోసం, గోళ్ల కోసం బయోటిన్ మాత్రలు వేసుకుంటున్నారా? ఎక్కువ మోతాదులో వాడితే కొన్ని మెషిన్లలో డి, బి12 రిపోర్టులు తప్పుగా రావచ్చు. డాక్టర్‌ని అడిగి కనీసం 2 రోజుల ముందు ఆపండి. బి12 ఇంజెక్షన్ చేయించుకుంటే ఆ తేదీ తప్పకుండా చెప్పండి.

విటమిన్ డి కోసమైతే చీటీలో 25-హైడ్రాక్సీ అని ఉందో లేదో చూసుకోండి. ఒంట్లో నిల్వ ఎంతుందో తెలిపేది అదే. దానికి పరగడుపున రానక్కర్లేదు. నీళ్లు బాగా తాగి రండి, నరం తేలిగ్గా దొరుకుతుంది. ట్యూబు మీద పేరు మీరే చదివి సరిచూసుకోండి.

రిపోర్టు రాగానే అంకె చూసి టెన్షన్ పడకండి, పక్కనున్న యూనిట్ చూడండి. విటమిన్ డి మిల్లీలీటరుకు 20 నానోగ్రాములన్నా, లీటరుకు 50 నానోమోల్స్ అన్నా దాదాపు ఒకటే.