పాత రోడ్డు మీదే వెళ్లాలంటే మ్యాప్‌లో ఇలా పెట్టుకోండి

అమెరికాలో రోడ్ ట్రిప్‌కి వెళ్తుంటే మ్యాప్‌లో గమ్యం ఒక్కటే పెట్టకండి. త్వరగా చేరుస్తానని ఇంటర్‌స్టేట్ (రాష్ట్రాలను కలిపే పెద్ద హైవే) మీదికే లాగుతుంది. దారిలోని పాత ఊళ్లను కూడా స్టాపులుగా కలపండి. ఉదాహరణకు మిసిసిపీ నుంచి టెనెసీ దాకా సాగే నాచెజ్ ట్రేస్ పార్క్‌వే అనే రోడ్డు చూడండి: 444 మైళ్లు, సరుకు లారీలకు ప్రవేశం లేదు, ఒకప్పటి కాలిబాట ముక్కలు ఇంకా కనిపిస్తాయి. ఎంత అందమైన దారో! దాని మీద పెట్రోలు బంకులు ఉండవు కాబట్టి పక్క ఊళ్లలోకి దిగాల్సిందే. అలా దిగడమే మంచిది. అక్కడే భోంచేయండి, వీలైతే పాత భవనంలో నడిచే చిన్న హోటల్లో రాత్రి ఉండండి. నాలుగు డబ్బులు వస్తుంటేనే ఆ భవనాలకు మరమ్మతులు జరుగుతాయి, కూల్చే ఆలోచన రాదు. సిగ్నల్ అన్నిచోట్లా అందదు, ఆఫ్‌లైన్ మ్యాప్ ముందే డౌన్‌లోడ్ చేసుకోండి.