కప్పింగ్ చేయించుకుంటే నా మెడనొప్పి తగ్గిందా?

రోజంతా లాప్‌టాప్ ముందు వంగి కూర్చుని కూర్చుని మెడకీ కుడి భుజానికీ మధ్య కండరం రాయిలా బిగుసుకుపోయింది. మాత్ర వేసుకుంటే రెండు రోజులు బాగుండేది, మళ్లీ మామూలే. చివరికి ఫిజియోథెరపిస్టు కప్పింగ్ (ఒంటి మీద కప్పులు బోర్లించి చర్మాన్ని పైకి లాగే చికిత్స) చేస్తానంటే, లోపల టెన్షన్‌గానే ఉన్నా సరే అన్నాను.

నాకు చేసింది డ్రై కప్పింగ్, అంటే గాట్లు, రక్తం లేనిది. వీపుకి నూనె రాసి, ప్లాస్టిక్ కప్పు బోర్లించి, చిన్న పంపుతో గాలి లాగేస్తే చర్మం కప్పులోకి బుడిపెలా ఉబ్బింది. నొప్పి అనలేను, ఎవరో గుప్పిట్లో పట్టి పైకి లాగుతున్నట్టు ఉంటుంది. మొదటి కప్పు మరీ బిగుతుగా ఉందని చెప్పగానే కాస్త గాలి వదిలారు, కాబట్టి మీరూ మొహమాటపడి ఓర్చుకోకండి. ఏడెనిమిది నిమిషాల్లో తీసేశారు.

అద్దంలో చూసుకుంటే వీపంతా వంకాయరంగు గుండ్రటి మచ్చలు! 2016 రియో ఒలింపిక్స్‌లో అమెరికా ఈతగాడు మైకేల్ ఫెల్ప్స్ భుజాల మీద కనిపించినవి ఇలాంటివే. చర్మం కింద సన్నటి రక్తనాళాలు చిట్లడం వల్ల వస్తాయి, అంతేగానీ "ఒంట్లో విషం బయటికొచ్చింది" అంటే నమ్మకండి. నాకు పది రోజుల్లో పోయాయి.

రక్తం పలచబడే మందులు వాడేవాళ్లు, గర్భిణులు మాత్రం డాక్టర్‌ని అడక్కుండా వెళ్లొద్దు.

మెడ ఆ రాత్రే తేలికైంది. కానీ ఆ సుఖం నిలబడింది మాత్రం స్క్రీన్‌ని కళ్ల ఎత్తుకి లేపి, రోజూ మెడ వ్యాయామాలు మొదలుపెట్టాకే.