కొత్త మదర్‌బోర్డు వేశాక గేమ్ నత్తనడక నడుస్తోందా? ఏది ఎక్కడ చూడాలి

కిందటి మే నెలలో చెన్నై వేళచ్చేరిలోని మా గదికి ఒక తమ్ముడు క్యాబినెట్‌ని ఆటోలో ఒళ్ళో పెట్టుకుని వచ్చాడు. నెల్లూరు కుర్రాడు, ఇక్కడే ఇంజినీరింగ్ చదువుతున్నాడు. పాత బీ450 (ఏఎండీ రైజెన్ ప్రాసెసర్లకి సరిపోయే రకం) మదర్‌బోర్డు పోతే, ఎలక్ట్రానిక్స్ అంగళ్ళుండే రిచీ స్ట్రీట్‌లో ఇంకో కంపెనీ బీ450 కొని తనే బిగించుకున్నాడు.

"అన్నా, ప్రాసెసర్ అదే, గ్రాఫిక్స్ కార్డు అదే, ర్యామ్ అదే. ముందు వాలొరెంట్ గేమ్‌లో సెకనుకి 200 ఫ్రేములు వచ్చేవి, ఇప్పుడు 110 దాటడంలా. డూప్లికేట్ బోర్డు అంటగట్టారంటావా?"

మార్చింది బోర్డొక్కటే కాబట్టి అనుమానం దాని మీదికే పోతుంది. నేను చూసినంతలో మాత్రం తప్పు బోర్డుది కావడం అరుదు. పాత బోర్డులో ఎప్పుడో ఒకసారి పెట్టి మర్చిపోయిన సెట్టింగులేవీ కొత్తదానికి తెలియవు. పైగా విప్పి బిగించేటప్పుడు మన చేతులు చేసే పొరపాట్లు వేరే.

మొదలుపెట్టే ముందు ఒక మాట. ఒకసారికి ఒకటే మార్చండి. మార్చిన ప్రతిసారీ అదే గేమ్‌లో అదే మ్యాప్‌లో ఫ్రేములెన్నో కాగితం మీద రాసుకోండి. విండోస్ ఫార్మాట్ చివరి పని. చాలామంది దాంతోనే మొదలుపెట్టి ఒక ఆదివారం తగలేస్తారు.

గేమ్ తెరిచిన క్షణం నుంచే ఫ్రేములు తక్కువ

ముందు ర్యామ్ చూడండి. టాస్క్ మేనేజర్‌లో పెర్ఫార్మెన్స్, అందులో మెమరీ నొక్కితే స్పీడ్ కనిపిస్తుంది. ఈ కుర్రాడి ర్యామ్ స్టిక్కుల మీద 3200 అని ఉంది, అక్కడ చూపిస్తున్నది 2133. 3200 అన్న వేగం ఎక్స్‌ఎంపీ ప్రొఫైల్ (ర్యామ్‌లోనే రాసి ఉండే వేగం సెట్టింగు) ఆన్ చేస్తేనే వస్తుంది. కొత్త బోర్డులో అది ఆఫ్‌లో ఉంటుంది. బయోస్‌లోకి, అంటే విండోస్ కన్నా ముందు తెరుచుకునే బోర్డు సెట్టింగుల్లోకి, వెళ్లి ఆన్ చేయాలి. పేర్లు మాత్రం కంపెనీకొకటి: ఆసుస్ ఏఎండీ బోర్డుల్లో డీఓసీపీ, ఎంఎస్‌ఐలో ఏ-ఎక్స్‌ఎంపీ, డీడీఆర్5 ర్యామ్‌తో ఏఎండీ అయితే ఎక్స్‌పో. ప్రాసెసర్, ర్యామ్ వివరాలు చూపే సీపీయూ-జెడ్‌లో చూసేవాళ్ళు 1600 కనబడిందని కంగారు పడొద్దు. అది అసలు గడియారం (క్లాక్ వేగం), రెట్టింపు చేసుకుంటే 3200.

రైజెన్‌లో ఈ తేడా ఇంకా గట్టిగా తగులుతుంది. ప్రాసెసర్ లోపలి భాగాలను కలిపే ఇన్ఫినిటీ ఫాబ్రిక్ మామూలుగా ర్యామ్ గడియారంతో జతగా నడుస్తుంది. ర్యామ్ కుంటితే అదీ కుంటుతుంది. వాలొరెంట్ లాంటి గేమ్‌లో బరువంతా కార్డు కన్నా ప్రాసెసర్ మీదే కాబట్టి దెబ్బ నేరుగా కనబడుతుంది.

రెండో తప్పు పక్క తలుపు తీసి టార్చి వేస్తే దొరికింది. స్టిక్కులు రెండూ ప్రాసెసర్ పక్కనే, ఒకదాన్నొకటి ఆనుకుని కూర్చున్నాయి. "పాత బోర్డులో స్లాట్లకి రంగులు వేరుగా ఉండేవన్నా, దీంట్లో నాలుగూ నలుపే" అన్నాడు. న్యాయమే. నాలుగు స్లాట్ల బోర్డులో రెండు స్టిక్కులుంటే ప్రాసెసర్ వైపు నుంచి లెక్కపెట్టి రెండో స్లాటులో ఒకటి, నాలుగో దాంట్లో ఒకటి పెట్టాలి. బోర్డు మీద సన్నగా ఏ2, బీ2 అని అచ్చు ఉంటుంది. పక్కపక్కన పెడితే రెండూ ఒకే చానెల్ (ర్యామ్‌కీ ప్రాసెసర్‌కీ మధ్య దారి) మీద పడి, రెండు లైన్ల రోడ్డులో ఒకటే తెరిచినట్టవుతుంది. స్విచ్ ఆపి, ప్లగ్ పీకి, పవర్ బటన్ ఒకసారి నొక్కి ఆ తర్వాతే స్టిక్కు తీయండి. పెట్టేటప్పుడు టక్కుమనే దాకా నొక్కాలి.

స్లాట్లు మార్చాక 150, ఎక్స్‌ఎంపీ వేశాక 190. ఎక్స్‌ఎంపీ వేయగానే మెషిన్ ఆన్ కాకపోతే భయపడొద్దు. రెండు మూడుసార్లు తనే ప్రయత్నించి పాత వేగానికి వచ్చేస్తుంది. రాకపోతే సీమాస్ క్లియర్ చేసి, అంటే బయోస్ సెట్టింగులన్నీ చెరిపేసి, 3000 దగ్గర పెట్టి చూడండి.

కార్డు ఉన్నా లేనట్టే ఉంది

ముందు మానిటర్ కేబుల్ ఎక్కడుందో చూడండి, నవ్వకండి. రైజెన్ 5600లో గ్రాఫిక్స్ లేదు కాబట్టి కేబుల్ బోర్డుకి పెడితే బొమ్మే రాదు, తప్పు వెంటనే తెలిసిపోతుంది. 5600జీ లాంటివాటితోనే చిక్కు. బొమ్మ వస్తుంది, గేమూ తెరుచుకుంటుంది, ఫ్రేములు మాత్రం కిందనే కొట్టుమిట్టాడతాయి.

తర్వాత స్లాటు. కార్డు పై స్లాటులోనే ఉండాలి. బీ450 బోర్డుల్లో పొడుగ్గా కనిపించే కింది స్లాటుకి సాధారణంగా డేటా నడిచే లేన్లు నాలుగే, అవీ పీసీఐఈ 2.0వి, అంటే పాత తరానివి, నెమ్మదివి. కార్డు వివరాలు చూపే జీపీయూ-జెడ్ తెరిచి బస్ ఇంటర్‌ఫేస్ దగ్గర చూడండి. ఖాళీగా ఉన్నప్పుడు కరెంటు ఆదా కోసం 1.1 అని చూపిస్తుంది. పక్కనున్న ప్రశ్న గుర్తు నొక్కి రెండర్ టెస్ట్ నడిపితే అసలు లెక్క వస్తుంది. జీటీఎక్స్ 1660 సూపర్‌కి ఎక్స్16 3.0 (పదహారు లేన్లు, పీసీఐఈ 3.0) రావాలి. ఆర్‌ఎక్స్ 6600, ఆర్‌టీఎక్స్ 4060 పుట్టుకతోనే ఎనిమిది లేన్ల కార్డులు, వాటికి ఎక్స్8 కనబడితే తప్పేం లేదు.

పావుగంట బాగా ఆడి, ఆ తర్వాత చతికిలబడుతుంది

ఇది వేడి. మద్రాసు మే నెలలో ఏసీ లేని గదిలో మనిషికే గతి లేదు, ప్రాసెసర్ సంగతి చెప్పాలా? వేడి, వేగం కొలిచి చూపే హెచ్‌డబ్ల్యూఇన్ఫో వెనకాల నడుపుతూ అరగంట ఆడి, ప్రాసెసర్ వేడి, గడియారం రెండూ కలిపి చదవండి.

వేడి 90 దగ్గర నిలబడి గడియారం పడిపోతుంటే కూలర్ సరిగ్గా కూర్చోలేదు. రైజెన్ 5600కి హద్దు 90 డిగ్రీలు, ఐ5-12400కి 100. మావాడి కూలర్ తీసి చూస్తే ప్రాసెసర్‌కీ కూలర్‌కీ మధ్య వేసే పేస్టు ఒక సగంలోనే పరుచుకుంది. ఒక మూల స్క్రూ రెండు చుట్లకే ఆగిపోయింది. స్క్రూలు ఎదురెదురు మూలలుగా, తలా కొంచెం తిప్పుతూ బిగించాలి. పాత పేస్టు మీదే కూలర్ పెట్టేయడం ఇంకో అలవాటు. స్పిరిట్‌తో తుడిచి కొత్తది వేయండి. ఏఎం4లో (బీ450 లాంటి బోర్డుల సాకెట్) కూలర్ తీసే ముందు మెషిన్ ఒక పది నిమిషాలు నడిపి ఆపి, మెల్లగా మెలితిప్పి లాగండి. చల్లగా ఉన్నప్పుడు గుంజితే ప్రాసెసర్ పిన్నులతో సహా ఊడి వస్తుంది.

వేడి 70 దాటకుండానే గడియారం కూలిపోతుంటే ప్రాసెసర్‌కి కరెంటు అందించే వీఆర్‌ఎం కాగిపోతోందేమో చూడాలి. హీట్‌సింక్ లేని చవక బోర్డు మీద పెద్ద ప్రాసెసర్ పెడితే వచ్చే తంటా ఇది. తలుపు తీసి ఆ భాగం మీదికి టేబుల్ ఫ్యాన్ తిప్పండి. ఫ్రేములు నిలబడితే దొంగ దొరికినట్టే. అప్పుడు క్యాబినెట్‌లో ఒక ఫ్యాన్ పెంచడమో, బయోస్‌లో పవర్ లిమిట్ తగ్గించడమో చేయాలి.

ఉండుండి ఒకటి రెండు సెకన్లు బిగుసుకుపోతుంది

ఆట ఆగి, శబ్దం గరగరమని మళ్ళీ నడుస్తుంటే, అదీ ఏఎండీ బోర్డు అయితే, ఎఫ్‌టీపీఎంని (ప్రాసెసర్‌లోనే ఉండే టీపీఎం అనే భద్రతా భాగం) అనుమానించండి. ఈ లోపాన్ని 2022 మార్చిలో ఏఎండీనే ఒప్పుకుంది. ఏజీసా (బయోస్‌లో ఏఎండీ రాసే భాగం) 1.2.0.7 ఉన్న బయోస్‌తో సరిచేసింది. అంగట్లో ఏళ్ల తరబడి ర్యాక్‌లో ఉన్న బోర్డులో అంతకన్నా పాత బయోస్ ఉండొచ్చు, అప్‌డేట్ చేయండి. విండోస్ 11లో వాలొరెంట్‌కి టీపీఎం, సెక్యూర్ బూట్ కావాలి కాబట్టి టీపీఎం ఆపేస్తే సరిపోతుందనుకోవద్దు. బిట్‌లాకర్ (విండోస్ డిస్క్‌కి వేసే తాళం) ఉన్నవాళ్ళు బయోస్ ముట్టుకునే ముందే రికవరీ కీ రాసి పెట్టుకోండి.

విండోస్ కొత్తగా వేసిన మొదటి గంట షేడర్లు (బొమ్మ గీసే చిన్న ప్రోగ్రాములు) తయారవుతూ గేమ్ తడబడడం మామూలే.

విండోస్ సంగతి

చిప్‌సెట్ డ్రైవర్ వేయండి. డిస్‌ప్లే సెట్టింగుల్లో మానిటర్ 60 హెర్ట్జ్‌కి పడిపోయిందేమో చూడండి. ఇంటెల్ నుంచి ఏఎండీకో, అటు నుంచి ఇటో మారినవాళ్ళకి మాత్రం పై చిట్కాలేవీ పనిచేయకపోతే ఫార్మాటే మేలంటాను. యాక్టివేషన్ పోయిందన్న మెసేజ్‌కీ ఫ్రేములకీ సంబంధం లేదు.

ఇవన్నీ చూశాక కూడా

పై స్లాటులోనే ఉన్నా కార్డు ఎక్స్1లోనో ఎక్స్4లోనో నడుస్తుంటే, కార్డు బంగారు అంచుని పెన్సిల్ రబ్బరుతో తుడిచి మళ్ళీ గుచ్చండి. రెండు స్టిక్కుల్లో ఒకటే కనబడుతుంటే ప్రాసెసర్ తీసి, వెలుతురులో ఏటవాలుగా పట్టుకుని పిన్ను ఏదైనా వంగిందా చూడండి. ఇంటెల్ అయినా, డీడీఆర్5 వాడే కొత్త ఏఎండీ అయినా పిన్నులు బోర్డు సాకెట్‌లోనే ఉంటాయి. పిన్ను వంగి ఉంటే వారంటీ దగ్గర పేచీ ఖాయం. కాబట్టి అంగడికి వెళ్లే ముందే సాకెట్‌ని ఫోన్‌లో ఫొటో తీసి, జీపీయూ-జెడ్ స్క్రీన్‌షాట్, బిల్లు, పెట్టె పట్టుకుని, వాళ్ళ ఎదురుగానే ఇంకో కార్డు పెట్టి చూడమనండి.