కోమా గెలాక్సీ గుంపును ఫోటో తీయడం ఎలా?

దూరపు గెలాక్సీ గుంపులు తీయాలనుకునేవాళ్లు కోమా గుంపుతోనే, అంటే గెలాక్సీ గుంపుల జాబితాలో ఏబెల్ 1656 అనే దానితోనే మొదలుపెట్టాలి. దూరం సుమారు 32 కోట్ల కాంతి సంవత్సరాలు. ఏప్రిల్ నెలలో అర్ధరాత్రి వేళకి బాగా పైకి వస్తుంది. వెన్నెల లేని రాత్రి చూసుకోండి.

200 ఎంఎం ఎఫ్/5 న్యూటోనియన్ (అద్దంతో పనిచేసే టెలిస్కోప్, ఎఫ్/5 అంటే ఫోకల్ దూరం అద్దం వెడల్పుకి ఐదు రెట్లు), కోమా కరెక్టర్ (ఫోటో అంచుల్లో నక్షత్రాలు సాగకుండా చూసే లెన్స్, ఈ గుంపు పేరుతో సంబంధం లేదు), ఈక్వటోరియల్ మౌంట్ (ఆకాశం తిరిగే కొద్దీ టెలిస్కోప్‌ను తిప్పే స్టాండు), గైడ్ కెమెరా (ఆ తిప్పడంలో తప్పులు సరిచేసేది), కూల్డ్ కెమెరా (సెన్సర్‌ను చల్లబరిచేది) చాలు. రెండు సన్నని రంగు పట్టీల వెలుగునే వదిలే డ్యూయల్ బ్యాండ్ ఫిల్టర్ మాత్రం తీసేయండి. నెబ్యులాకి, అంటే వాయు మేఘాలకి, అది మంచిదే కానీ, గెలాక్సీల వెలుగు అన్ని రంగుల్లోనూ ఉంటుంది, అందులో ఎక్కువ భాగాన్ని ఆ ఫిల్టర్ ఆపేస్తుంది. టెలిస్కోప్‌ను గంట ముందే బయట పెట్టి, కొలిమేషన్ (అద్దాలను సరిగ్గా ఒక వరుసలో పెట్టడం), పోలార్ అలైన్‌మెంట్ (మౌంట్ ఇరుసును ధ్రువం వైపు తిప్పడం) ముగించండి.

ఇక ఫోకస్. ఎక్కువ ఫోటోలు చెడేది ఇక్కడే. ఈ గుంపులో చాలా గెలాక్సీలు ఫోటోలో చిన్న మసక చుక్కలంతే. ఫోకస్ కాస్త తప్పి నక్షత్రాలు ఉబ్బాయంటే ఏది నక్షత్రమో, ఏది గెలాక్సీయో చెప్పలేం. నెబ్యులా ఫోటోలో ఆ తప్పు దాగుతుంది, ఇక్కడ దాగదు.

ఎఫ్/5 దగ్గర ఫోకస్ సరిగ్గా ఉండే హద్దు మొత్తం 67 మైక్రాన్లే (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు), అంటే మధ్య నుంచి అటూ ఇటూ 33. మీటరు పొడవున్న అల్యూమినియం ట్యూబ్ ఒక్క డిగ్రీ చల్లబడితే 23 మైక్రాన్లు కుంచించుకుపోతుంది, ఉక్కుదైతే 12. సాయంత్రం పెట్టిన ఫోకస్ తెల్లవారేదాకా నిలుస్తుందనుకోవడం పొరపాటు. అల్యూమినియం అయితే డిగ్రీకోసారి, ఉక్కు అయితే రెండు డిగ్రీలకోసారి మళ్లీ చూడాల్సిందే.

తెర మీద నక్షత్రాన్ని పెద్దది చేసి కంటితో అంచనా వేయొద్దు. గాలి కదలికకి చుక్క క్షణక్షణం మారుతుంది, కన్ను మోసపోతుంది. టెలిస్కోప్ ముందు బాహ్తినోవ్ మాస్క్ (నక్షత్రం చుట్టూ మూడు గీతలు చూపే చీలికల మూత) తొడగండి. గుంపుకి రెండున్నర డిగ్రీల పైచిలుకు తూర్పున బీటా కోమా అనే నక్షత్రం ఉంది, దాని మీదికి తిప్పి మూడు సెకన్ల ఎక్స్‌పోజర్ తీయండి. ఇంటూ గుర్తులా దాటుకునే రెండు గీతల నడుమ మూడోది సరిగ్గా మధ్యకి రావాలి. మధ్యలో ఉన్నట్టే అనిపిస్తే చాలదు, వరుసగా నాలుగు ఫ్రేముల్లో అక్కడే ఉండాలి. ఫోకసర్ పళ్లలో కొంచెం ఖాళీ ఉంటుంది కాబట్టి నాబ్‌ను ప్రతిసారీ ఒకే దిక్కుగా, కెమెరా బరువును పైకి మోసే వైపుగా తిప్పుతూ ముగించండి. గీత దాటిపోతే బాగా వెనక్కి వెళ్లి మళ్లీ రండి. తర్వాత లాక్ స్క్రూ బిగించి ఇంకో ఫ్రేము తీయండి, ఎందుకంటే బిగించేటప్పుడే ఫోకస్ కాస్త పక్కకి తప్పుతుంది. ఇక మాస్క్ తీసేయండి.

రెండేసి నిమిషాల ఫ్రేములు, మొత్తం ఆరు గంటలకి తగ్గకుండా, మూడు ఫ్రేములకోసారి డిథర్ చేస్తూ (గురిని కొద్దిగా పక్కకి జరుపుతూ) తీయండి. కెమెరా కదపకుండా ఫ్లాట్లు (ఒకే తీరు వెలుగు ఉన్న తెరను తీసిన ఫ్రేములు), తర్వాత డార్కులు (మూత వేసి తీసిన ఫ్రేములు). స్టాకింగ్ (ఫ్రేములన్నీ ఒకటిగా కలపడం) అయ్యాక, గుంపు నడుమ ఉన్న పెద్ద గెలాక్సీలు ఎన్‌జీసీ 4874, ఎన్‌జీసీ 4889 చుట్టూ మసక వెలుగు కనబడేదాకా స్ట్రెచ్ చేయండి, అంటే మసక భాగాల వెలుగు పెంచండి. నక్షత్రాలను తీసేసే సాఫ్ట్‌వేర్ మాత్రం వాడొద్దు, చిన్న గెలాక్సీలను కూడా నక్షత్రాలనుకుని మింగేస్తుంది.