బ్రిటన్‌లో కేర్ ఉద్యోగం చేస్తూ డబ్బుకు ఇబ్బంది పడితే: యూనిసన్ సంక్షేమ నిధిని సంప్రదించడం ఎలా

బ్రిటన్‌లో కేర్ హోముల్లోనూ ఆసుపత్రుల్లోనూ పనిచేసే తెలుగువారిలో చాలామంది యూనిసన్ యూనియన్‌లో సభ్యులుగా చేరుతున్నారు. పని దగ్గర గొడవ వస్తే ఎవరో ఒకరు అండగా ఉంటారన్నది చేరేటప్పటి ఆలోచన. 1993లో మూడు యూనియన్లు కలిసి ఏర్పడిన ఈ సంస్థకు అనుబంధంగా ‘దేర్ ఫర్ యూ’ అనే సంక్షేమ చారిటీ ఉందనీ, అది ఆర్థిక ఇబ్బందుల్లో పడిన సభ్యులకూ వారిపై ఆధారపడిన కుటుంబసభ్యులకూ సాయం చేస్తుందనీ తెలిసినవారు మాత్రం తక్కువ. తెలిసినవారిలోనూ కొందరు, ఒకరి ముందు చెయ్యి చాచడమేమిటని మొహమాటపడి, అద్దె మూడు నెలలు బాకీ పడ్డాక గానీ నోరు విప్పరు. ఆ చారిటీ నడిచేది ప్రధానంగా యూనియన్ బ్రాంచ్‌లూ (స్థానిక శాఖలూ) సభ్యులూ ఇచ్చే విరాళాలతోనే కాబట్టి, ఈ మొహమాటానికి అక్కడ చోటు లేదని నా అభిప్రాయం.

ముందుగా వీసా భయం సంగతి చూద్దాం. వీసాపై ‘నో రికోర్స్ టు పబ్లిక్ ఫండ్స్’ (ప్రభుత్వ సంక్షేమ సాయం తీసుకోరాదు) అనే షరతు ఉన్నవారు, ఎవరి దగ్గర ఏ సాయం తీసుకున్నా రేపు పొడిగింపు ఆగిపోతుందని భయపడుతుంటారు. ‘పబ్లిక్ ఫండ్స్’ అంటే ప్రభుత్వం ఇచ్చే ప్రతి పైసా కాదు. ఇమిగ్రేషన్ నిబంధనల్లో పేర్లతో సహా ఇచ్చిన ఒక జాబితా. యూనివర్సల్ క్రెడిట్, చైల్డ్ బెనిఫిట్, హౌసింగ్ బెనిఫిట్ వంటివి అందులో ఉన్నాయి. చారిటీ ఇచ్చే గ్రాంటు గానీ, ఫుడ్‌బ్యాంక్ (అవసరంలో ఉన్నవారికి ఉచితంగా ఆహారం ఇచ్చే కేంద్రం) ఇచ్చే సరుకులు గానీ అందులో లేవు. జబ్బు చేసినప్పుడు యజమాని గరిష్ఠంగా 28 వారాల పాటు ఇవ్వాల్సిన స్టాట్యుటరీ సిక్ పే కూడా ఆ జాబితాలోది కాదు. కాబట్టి అర్హత ఉన్నవారు ముందు దాన్ని అడిగి తీసుకోవాలి, ఎందుకంటే ఇతర దారుల్లో రావలసింది తీసుకున్నారా అన్న ప్రశ్న సంక్షేమ నిధి వారి నుంచీ వస్తుంది.

రెండవది, సభ్యత్వం సజీవంగా ఉందో లేదో చూసుకోవడం. చందా జీతంలోంచి కోత పడేవారికి, జీతం లేని సెలవు పెట్టినా యజమాని మారినా ఆ కోత చప్పుడు లేకుండా ఆగిపోతుంది. సాయం అడిగే రోజున గానీ ఆ విషయం బయటపడదు. పేస్లిప్‌లో యూనియన్ పేరుతో చందా కోత పడిన వరుస కనిపిస్తున్నదో లేదో చూసి, లేకపోతే వెంటనే డైరెక్ట్ డెబిట్‌కు మారాలి. చందా ఆదాయపు శ్లాబులను బట్టి ఉంటుంది కనుక, జీతం తగ్గినవారు సభ్యత్వం మానుకోనవసరం లేదు. తక్కువ శ్లాబుకు మార్చమని అడిగితే సరిపోతుంది.

ఆ తరువాత మీ బ్రాంచ్‌లో సభ్యుల సంక్షేమం చూసే వెల్ఫేర్ ఆఫీసర్‌ను కలవాలి. ఆ బాధ్యతలో ఎవరూ లేకపోతే బ్రాంచ్ కార్యదర్శిని అడగవచ్చు. మీరు చెప్పే వివరాలను గోప్యంగా ఉంచుతారు కాబట్టి, మేనేజర్‌కు తెలుస్తుందేమోనన్న బెంగ అక్కర్లేదు. ఈ మొదటి మాటల్లోనే వచ్చింది డబ్బు సమస్యా, ఉద్యోగ సమస్యా అన్నది తేల్చుకోవడం మంచిది. వీసాకు ఆధారమైన యజమాని స్పాన్సర్‌షిప్ రద్దయి, మిగిలిన సమయంలో కొత్త యజమానిని వెదుక్కోవాలని హోం ఆఫీసు (వీసాలు చూసే ప్రభుత్వ శాఖ) లేఖ వచ్చినవారికి గ్రాంటు కంటే ముందు న్యాయసలహా అవసరం; అది యూనియన్‌లో వేరే ద్వారం.

ఇక దరఖాస్తు. ఆదాయం, ఖర్చు, అప్పులు, కుటుంబ వివరాలు నింపి, పేస్లిప్‌లు, బ్యాంక్ స్టేట్‌మెంట్లు వంటి ఆధారాలు జతచేయాలి. మనవాళ్ల దరఖాస్తులు తడబడేది సాధారణంగా స్టేట్‌మెంట్ దగ్గరే. జీతం పడిన రెండో రోజే 200 పౌండ్లు ఇండియాకు వెళ్లినట్టు కనిపిస్తే, చదివే మనిషికి అది మిగులు డబ్బులా తోస్తుంది. నిజానికి అది ఏజెంటుకు కట్టడానికి ఊళ్లో తెచ్చిన అప్పు మీద వడ్డీ కావచ్చు, చిట్టీ వాయిదా కావచ్చు, అమ్మకు మందుల ఖర్చు కావచ్చు. దాన్ని దాచకూడదు; పంపిన ప్రతి మొత్తానికీ ఎదురుగా ఒక్క వాక్యం రాసిపెట్టాలి. స్నేహితులతో కలిసి ఇల్లు తీసుకున్నవారి ఖాతాలో అందరి అద్దె పడి వెళ్లిపోతుంటే, ఆ మొత్తంలో మీ వాటా ఎంతో కూడా చెప్పాలి.

పరిస్థితిని వివరించే భాగంలో “చాలా కష్టాల్లో ఉన్నాము, దయచేసి ఆదుకోండి” అని రాస్తే చదివేవారికి నిర్ణయించడానికి ఏమీ దొరకదు. దానికి బదులు ఇలా రాయవచ్చు: “మార్చి 3 నుంచి నా పనిగంటలను వారానికి 38 నుంచి 22కు తగ్గించారు. చేతికొచ్చే జీతం నెలకు 1,750 పౌండ్ల నుంచి 1,080కి పడిపోయింది. అద్దె, కౌన్సిల్ ట్యాక్స్, గ్యాస్, కరెంటు, బస్సు పాస్ కలిపి 1,010 అవుతున్నాయి. మిగిలిన 70 పౌండ్లతో ముగ్గురం నెలంతా తినలేకపోతున్నాము. ఫ్రిజ్ చెడిపోయింది; వాడిన ఫ్రిజ్ 120 పౌండ్లకు దొరుకుతుంది, ధర కాగితం జతచేశాను. మే నుంచి మరో కేర్ హోములో అదనపు షిఫ్టుల కోసం ప్రయత్నిస్తున్నాను.” తేదీ, తేడా, అవసరం, ధర, ముందు దారి: ఈ ఐదూ ఉంటే ఇంగ్లీషు వ్యాకరణం అటూ ఇటూ అయినా పెద్దగా నష్టం లేదు. (స్పాన్సర్‌షిప్ వీసాపై ఉన్నవారు రెండో పనికి తమ వీసా ఎంతవరకు అనుమతిస్తుందో ముందుగా సరిచూసుకోవాలి.)

గ్రాంటు ఒక అత్యవసరాన్ని తీర్చడానికే తప్ప పాత అప్పులన్నీ తీర్చడానికి కాదు. అప్పులే అసలు సమస్య అయితే ఉచిత సలహా తీసుకోవాలి. ‘దేర్ ఫర్ యూ’ ద్వారా అయినా, స్టెప్‌చేంజ్, నేషనల్ డెట్‌లైన్ వంటి చారిటీల ద్వారా అయినా సరే. ముందు కట్టాల్సినవి అద్దె, కౌన్సిల్ ట్యాక్స్, గ్యాస్, కరెంటు. ఆ తరువాతే క్రెడిట్ కార్డు. రోజూ ఫోన్ చేసి విసిగించేది కార్డు వారే అయినా, ఇల్లు పోయేది అద్దె కట్టకపోతేనే. ఇంగ్లండ్, వేల్స్‌లలో ఉన్నవారికి 2021 మే నుంచి ‘బ్రీతింగ్ స్పేస్’ అనే ఏర్పాటు ఉంది. అర్హులైన వారికి అప్పుల సలహాదారు దీన్ని ఇప్పిస్తే 60 రోజుల పాటు చాలా రకాల అప్పులపై వడ్డీ, వసూలు చర్యలు ఆగుతాయి. ఊళ్లో వడ్డీకి ఇచ్చినవారిని మాత్రం ఇది ఆపలేదు. వారితో మాట్లాడి గడువు అడగడం మీరే చేయాలి.

దరఖాస్తు పంపాక అదనపు కాగితాలు అడిగితే వెంటనే పంపండి. చాలాసార్లు ఆలస్యమయ్యేది ఇక్కడే. పరిశీలన పూర్తయ్యేలోపు ఇంట్లో బియ్యం నిండుకుంటే వెల్ఫేర్ ఆఫీసర్‌ను గానీ, ఉచితంగా సలహాలిచ్చే సిటిజన్స్ అడ్వైస్ సంస్థను గానీ ఫుడ్‌బ్యాంక్ వోచర్ అడగాలి, ఎందుకంటే చాలా ఫుడ్‌బ్యాంకులు ఎవరో ఒకరి సిఫారసు మీదనే సరుకులు ఇస్తాయి. సాయం నిరాకరిస్తే కారణం అడిగి తెలుసుకోండి. కేర్ వర్కర్లకు ‘ది కేర్ వర్కర్స్ చారిటీ’, నర్సులకూ మిడ్‌వైఫ్‌లకూ హెల్త్‌కేర్ అసిస్టెంట్లకూ ‘కావెల్’ అనే వేరే చారిటీలు ఉన్నాయి. ఒకసారి శ్రద్ధగా తయారుచేసిన ఆదాయ వ్యయాల పట్టికనే, తేదీలు మార్చుకుని, వాటికి పెట్టే దరఖాస్తులోనూ వాడుకోవచ్చు.