మ్యాచ్‌ల సీజన్‌కు ముందు: రీలోడ్ చేసిన 9 ఎంఎం తూటాలకు గేజ్ పరీక్ష

టెక్సాస్‌లో పిస్టల్ మ్యాచ్‌లకు వెళ్తూ, తూటాలు ఇంట్లోనే నింపుకునే మనవాళ్ళ కోసం ఇది రాస్తున్నాను. ఇండియాలో ఉన్నవాళ్ళు ఇది ప్రయత్నించకండి. అక్కడ లైసెన్సు లేకుండా తూటాలు తయారు చేయడం ఆయుధాల చట్టం, 1959 కింద నేరం.

రెండేళ్ళ క్రితం ఓ మ్యాచ్ మధ్యలో నా పిస్టల్ స్లయిడ్ (పైన ముందుకూ వెనక్కూ జరిగే భాగం) పూర్తిగా మూసుకోకుండా కొద్ది దూరంలో ఆగిపోయింది. కంగారులో అరచేత్తో వెనక నుంచి గట్టిగా కొట్టాను. తూటా ఇంకా బిగుసుకుపోయింది. అటూ కదలదు, ఇటూ రాదు. లోపల ఇంకా పేల్చని తూటా, చుట్టూ మనుషులు. అంత టెన్షన్ నేనెప్పుడూ పడలేదు. ఇంటికొచ్చి మిగతా వంద తూటాలను గేజ్‌లో వేసి చూస్తే పదకొండు సరిగ్గా దిగలేదు. ముందు రోజు రాత్రి పావుగంట కూర్చుని చూసుకుని ఉంటే సరిపోయేది.

ఇక్కడ తూటా అంటే మొత్తం రౌండు: ఇత్తడి డొల్ల (కేసు), దాని అడుగున నిప్పు పుట్టించే ప్రైమర్, లోపల పౌడర్, ముక్కున బుల్లెట్. కేస్ గేజ్ అంటే స్టీలు దిమ్మలో ఛాంబర్ (పిస్టల్‌లో తూటా కూర్చునే గది) కొలతకు తొలిచిన రంధ్రం. సాధారణంగా ప్రమాణాలు అనుమతించే అతి చిన్న ఛాంబర్ కొలతకే తొలుస్తారు. తూటాను వదిలితే తన బరువుకే టక్కున దిగాలి, బోర్లిస్తే జారి పడాలి. అడుగుభాగం గేజ్ అంచుకు పైకి రాకూడదు. గోరుతో అంచు మీద గీస్తే ఎత్తు తెలిసిపోతుంది. దిగనిదాన్ని బొటనవేలితో నొక్కి పాస్ చేయించకండి.

దిగని తూటాలను వెంటనే పక్కన పారేయకండి. ప్రెస్‌లో (తూటాలు నింపే యంత్రంలో) తప్పు ఎక్కడుందో అవే చెబుతాయి. నల్ల మార్కర్‌తో తూటా చుట్టూ పూసి, గేజ్‌లో పెట్టి కొంచెం తిప్పి తీయండి. రంగు ఎక్కడ చెరిగిందో చూడండి. కేసు మూతి దగ్గర చెరిగితే క్రింప్ (మూతిని దగ్గరికి నొక్కడం) చాలలేదు. బుల్లెట్ కూర్చోబెట్టడానికి విప్పిన మూతి మళ్ళీ దగ్గరికి రాలేదన్నమాట. 9 ఎంఎంలో మూతి దగ్గర కాలిపర్‌తో 0.377 నుంచి 0.379 అంగుళం వస్తే నాకు తృప్తి. అంతకంటే నొక్కేయకండి. ఈ తూటా ఛాంబర్‌లో ఆగేది మూతి అంచు మీదే. అతిగా నొక్కితే లోపలికి ఎక్కువ దిగుతుంది, బుల్లెట్ పట్టు కూడా వదులవుతుంది.

నడుములో ఒకవైపే చెరిగితే బుల్లెట్ వంకరగా కూర్చుంది. అడుగున, రిమ్‌కు (కేసు అడుగు అంచుకు) కాస్త పైన చెరిగితే సైజింగ్ డై (కేసును మళ్ళీ సరైన కొలతకు నొక్కే అచ్చు) చాలినంత కిందికి దిగలేదు, లేదా కేసు ఉబ్బింది. రిమ్ మీదే చెరిగితే అక్కడ చిన్న గాటు ఉంటుంది, వేలికి గీరుకుంటుంది. గేజ్‌లో రిమ్ కూడా లోపలికి వెళ్ళాలి కానీ పిస్టల్‌లో అది ఛాంబర్ బయటే ఉంటుంది. అందుకే ఇలాంటివి చాలావరకు నడుస్తాయి. అయినా నేను మ్యాచ్‌కు తీసుకెళ్ళను, ప్రాక్టీసుకు వాడతాను.

గేజ్‌లో పాసైతే చాలనుకోకండి. చాలా గేజ్‌లలో రైఫ్లింగ్ (బ్యారెల్ లోపల ఉండే మెలికల గాళ్ళు) ఉండదు. బుల్లెట్ ముక్కు బ్యారెల్ గాళ్ళకు తగులుతుందో లేదో గేజ్ చెప్పలేదు. సీజెడ్ కంపెనీ పిస్టళ్ళలో బుల్లెట్‌కూ ఆ గాళ్ళకూ మధ్య ఖాళీ తక్కువగా ఉంటుంది. బుల్లెట్ రకం మార్చిన ప్రతిసారీ బ్యారెల్‌ను పిస్టల్ నుంచి విప్పి, అందులో తూటా వేసి వేళ్ళతో తిప్పండి. స్వేచ్ఛగా తిరగాలి. పట్టేస్తే బుల్లెట్‌ను ఇంకాస్త లోపలికి దించాలి. దించిన కొద్దీ ప్రెషర్ పెరుగుతుంది కాబట్టి ముందు లోడ్ మాన్యువల్‌లో (తూటాలు నింపే కొలతల పుస్తకంలో) ఆ బుల్లెట్‌కు ఇచ్చిన పొడవు, పౌడర్ చూసుకోండి. ఇంట్లో పరీక్ష కోసం పేలే తూటాను పూర్తి పిస్టల్‌లోకి ఎప్పుడూ ఎక్కించకండి.

పనికిరానివాటిని ఊడదీయడానికి సుత్తిలాంటి బుల్లెట్ పుల్లర్ వాడండి. రక్షణ కళ్ళద్దాలు తప్పనిసరి. ఇంకా పేల్చని ప్రైమర్ ఉన్న తూటాను డీకాపింగ్ పిన్ (ప్రైమర్‌ను బయటికి తోసే సూది) ఉన్న డైలోకి పంపకండి. పని అయ్యాక సబ్బుతో చేతులు కడుక్కున్నాకే పిల్లల్ని ఎత్తుకోండి, సీసం దుమ్ము కంటికి కనబడదు.

వంద రంధ్రాల గేజ్ ఉంటే ఇంకో లాభం ఉంది. ప్రైమర్లన్నీ ఒకేసారి పైకి కనిపిస్తాయి. వేలు మెల్లగా పోనిస్తే పైకి లేచిన ప్రైమర్ తగులుతుంది. అలాంటిది దొరికితే దాన్ని నొక్కి సరిచేయాలని చూడకండి, పక్కన పెట్టేయండి.

ఇంత చూసుకున్నా రేంజ్‌లో స్లయిడ్ ఆగిపోతే, నాలా కొట్టకండి. గొట్టం లక్ష్యాల వైపే ఉంచి, ట్రిగ్గర్ మీంచి వేలు తీసి, రేంజ్ ఆఫీసర్‌ను పిలవండి. ఆ స్టేజ్ స్కోరు పోతే పోనివ్వండి.